నాలుగిళ్ల కుండ

పెన్కా ముప్పయ్యేళ్లు వ్రత్స ఊరి బడి వంటగదిలో గరిటె తిప్పింది. రిటైరయ్యాక మా భవనం రెండో అంతస్తులో ఉండేది. మనిషి పొట్టి. గొంతు మాత్రం ఐదో అంతస్తుదాకా వినిపించేది.

ఒక సాయంత్రం నాలుగో అంతస్తు దెసి కుండెడు చిక్కుడు గింజల పులుసు చెత్తడబ్బాలో వంపుతుంటే కింది ఇంటి కిరో చూశాడు. రైల్వేలో చేసి మానేసిన ఒంటరివాడు.

"సర్కారువాళ్లు ఊరికే పంచిన గింజలు కదా. చెమటోడ్చి కొనుంటే ఇలా పారబోసేదానివా?" అన్నాడు.

దెసి ఖాళీ కుండ పట్టుకుని మెట్లెక్కేసింది.

కిటికీలోంచి పెన్కా అడిగింది: "కిరో, నువ్వు జన్మలో ఎప్పుడైనా పొయ్యి ముట్టించావా?"

అతను తలుపేసుకున్నాడు. పెన్కా పైకి, దెసి ఇంటికి వెళ్లింది.

"తిట్టడానికి రాలేదమ్మాయ్. ఎందుకు పారేశావో చెప్పు."

"ఏం చెప్పను పిన్నీ," అంది దెసి. ఫ్రిజ్ తలుపు తాడుతో కట్టి ఉంది, సరిగా మూసుకోదు. కరెంటు పొయ్యి మీది పళ్లేల్లో ఒక్కటే వేడెక్కుతుంది. "కుట్టుపని నుంచి వచ్చేసరికి ఎనిమిదవుతుంది. అందుకే ఆదివారమే వారానికంతా వండేస్తా. రెండ్రోజులు పిల్లలు తింటారు. మూడోరోజు ముక్కు మూసుకుంటారు. నాలుగోరోజు పులిసిపోతుంది."

"తక్కువ వండొచ్చుగా?"

"కొంచెం ఉడికినా, కుండెడు ఉడికినా అదే కరెంటు. ఇంకోటి... కుండ అడుగు కనబడితే పిల్లలు బెంగపడతారు."

పెన్కా నవ్వింది. "మూడొందల మందికి వండినదాన్ని. కుండెడు పులుసు తప్పు కాదే, దాన్ని వారమంతా తినాలనుకోవడం తప్పు. నాలుగిళ్లు తింటే ఆ పూటకే ఖాళీ."

మర్నాడే మరో రెండిళ్ల తలుపులు కొట్టింది. రోజుకొకరు వండాలి, నాలుగిళ్లూ తినాలి. పొయ్యి పాడైనవాళ్లు ఆమె వంటింట్లో వండుకోవచ్చు. ఒకామె సణిగింది: "ఊరివాళ్ల గిన్నెలు కడగాలా నేను?" పెన్కా అంది: "కడుగు. బదులుగా మూడ్రోజులు నీకు వంట లేదు." ఆమె చేరిపోయింది.

దెసి మొదటి వంతులో పులుసు అడుగంటింది. సిగ్గుపడి గిన్నె దాచబోయింది. పెన్కా లాక్కుని, పైపైది తీసి ఇంటింటికీ పంచింది. కిరోకీ ఒక కంచం ఇచ్చింది.

"మాడు వాసనొస్తోంది," అన్నాడు కిరో. కానీ రొట్టెతో కంచం తుడిచి, "ఇంకా ఉందా?" అని అడిగాడు.

"ఉంది. వచ్చేవారం నుంచి ఉల్లిపాయలు తరగడం నీ పని," అంది దెసి. ఆమె అతనితో అంత సూటిగా మాట్లాడటం అదే మొదలు.

శీతాకాలంలో పెన్కాకి మోకాలి ఆపరేషనయ్యి నెల్లాళ్లు మంచం దిగలేదు. అప్పటికి ఆరిళ్లు కలిశాయి. ఎవరు ఏం వండాలో దెసి చూసుకునేది, పెన్కా కంచం తనే తెచ్చేది.

"ఉప్పు తక్కువైంది," అనేది పెన్కా రోజూ.

"లేచొచ్చి వేసుకో పిన్నీ," అనేది దెసి, దిండు సర్దుతూ.