ఫోనుకు తెలిసిన గడ్డ

మెడకు ఎడమవైపు ఒక గడ్డ తగిలింది. డాక్టరు కందిగింజంత అన్నాడు. నా వేలికి మాత్రం అది ఉప్పల్ స్టేడియమంత, ఫ్లడ్‌లైట్లతో సహా. సూది గుచ్చి పరీక్షకు పంపారు, రిపోర్టుకు వారం పడుతుందన్నారు. ఆ వారం మా ఆవిడకు తెలియనివ్వకూడదనుకున్నాను. వాళ్ల నాన్న ఇలాంటి గడ్డతోనే పోయాడు.

ఒక్క ఫోనును మాత్రం అడిగాను. అదీ బాత్రూంలో, కుళాయి తిప్పి, గొంతెత్తకుండా టైపు చేసి. తువ్వాలు ఆరేసేలోపు ఫోను నిండా క్యాన్సర్ దవాఖానాల యాడ్లు. వీడియోలో వంకాయ కూర వండే ఆవిడ కూడా తాలింపు ఆపి బీమా చేయించుకోమంది. రెండో పొద్దున మా ఆవిడ నా ఫోనులో భక్తి పాట పెట్టుకుంటే, మధ్యలో ఎవరో తీయగా, "మీ మెడలో గడ్డ ఉందా?" అన్నారు. సీలింగు ఫ్యాను తగిలేంత ఎత్తు ఎగిరి ఫోను లాక్కున్నాను.

"ఏందయ్యా, దేవుని పాట గుంజుకుంటవ్?"

"చార్జింగ్ అయిపోతున్నది."

తొంభై శాతం ఉంది.

నాచారంలో మా ఫ్యాక్టరీ కంప్యూటర్లు చూసే అతనికి, యాడ్లు మితిమీరాయని మాత్రం చెప్పాను.

"నీ ఫోన్ల సిస్టమే చాడీలు జెప్తదన్నా. అది పీకి ఓపెన్ సోర్స్‌ది ఎక్కిస్త. దాని కోడు ఎవ్వలైనా తెరిచి చదువొచ్చు."

"నువ్వు చదివినవా?"

"నేనెందుకు చదువుత? చదివేటోళ్లు మస్తుమంది ఉన్నరు."

మధ్యాహ్నం భోజనాల వేళకు నా ఫోను గతజన్మ మరిచి లేచింది. ఆన్ చేసినప్పుడల్లా నల్లటి తెర మీద ఈ ఫోనును నమ్మలేమని హెచ్చరిక. "గది ఉత్తగ బెదిరిస్తది" అన్నాడు. యాడ్లు ఆగిపోయాయి. పాటలో దేవుడొక్కడే మిగిలాడు. ఆ నిశ్శబ్దంలో గడ్డ మీదికి నా వేలు గంటకు వందసార్లు వెళ్లేది.

ఆదివారం ల్యాబు నుంచి మెసేజి: రిపోర్టు వచ్చింది, యాప్‌లో చూసుకోండి. యాప్ తెరిస్తే, "మీ ఫోను సురక్షితం కాదు" అని రిపోర్టు చూపనంది. ఊరంతా దండోరా వేసిన ఫోను సురక్షితమట, నోరు మూసుకున్నది కాదట!

ల్యాబుకు ఫోన్ చేశాను. "కాగితాలు బంద్ జేసినం సార్. ఇంట్ల వేరేటోళ్ల ఫోన్ల సూస్కోండి."

కంప్యూటర్లతనికి చేశాను. "నా ఫోన్ల గూడ గదే సిస్టమ్ గదన్నా. రేపు ఫ్యాక్టరీకి తే, పాతది ఎక్కిస్త."

సోమవారం దాకా ఆగే దమ్ము లేదు. ఇంట్లో ఉన్నది ఇంకొక్క ఫోను. బోడుప్పల్‌లోని చెల్లెలితో మాట్లాడుతున్న మా ఆవిడ ముందు చెయ్యి చాపాను.

"నాదెందుకు?"

"జర ఇయ్యి."

నా మొహం చూసి ఫోను పెట్టేసింది, కానీ చేతికివ్వలేదు. నేను పేరు చెప్పిన యాప్ తనే ఎక్కించింది. కెమెరా, మైకు, మనమున్న చోటు, మనకు తెలిసినవాళ్ల నంబర్లు, అన్నీ కావాలంది యాప్. చదవకుండానే అన్నిటికీ సరేనని నొక్కింది.

"గిన్ని అడుగుతదేంది? పిల్లనిస్తదా ఏంది?" అని నవ్వింది.

నా నంబరు కొట్టగానే తెర మీద నా పేరు, కింద "మెడ గడ్డ పరీక్ష" అని వచ్చాయి. నవ్వు ఆగిపోయింది. చిన్న చక్రం తిరుగుతోంది.

"అదేం లేదు, ఉత్తగ..." అని మొదలుపెట్టాను.

"నువ్వేం జెప్పకు" అంది, తెర మీంచి చూపు తియ్యకుండా. "ఇదే జెప్తది."