టేపత్త రాసివ్వని కొలతలు

టేపత్త అసలు పేరు ఆ వీధిలో సగం మందికి తెలియదు. మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతుంది కనుక పిల్లలు పెట్టిన పేరు అది. పద్నాలుగో ఏట బడి మానిపించి కుట్టుమిషను ముందు కూర్చోబెట్టారు. ఇరవై ఆరేళ్ళుగా ఆ మిషనే ఆమెకు అన్నం పెడుతోంది. దుకాణం రెండు మంచాలు పట్టేంత గది. మూలన పూల కర్టెన్ వెనక బట్టలు వేసి చూసుకునే చోటు. ఆమెకొక పట్టింపు ఉంది. ఆడపిల్లల కొలతలు పైకి చదవదు. చిన్నప్పుడు ఒక దర్జీ నలుగురి ముందు తన కొలతలు గట్టిగా చదివితే తలెత్తుకోలేకపోయిన రోజు ఆమెకింకా గుర్తే.

ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ కూతురికి పన్నెండేళ్ళు. ఒట్టి వాగుడుకాయ కావడంతో అందరూ పిచ్చుక అని పిలుస్తారు. ఈమధ్య ఆ వాగుడు తగ్గింది. ఫోన్‌లో ఎవరెవరివో ఫోటోలు చూసి తన ముక్కు బాగాలేదంటోంది, నడుము లావంటోంది. వయసు అనుకుని టేపత్త ఊరుకుంది.

ఆ సాయంత్రం బడి వదలగానే పిచ్చుక ఒంటరిగా వచ్చింది. కుట్టడానికిచ్చిన గౌను అందుకుని, "అత్తా, నా కొలతలు కాగితం మీద రాసిస్తావా?" అంది.

"ఎందుకే?"

"ఫోన్‌లో ఒక అక్క అందాల పోటీ పెడుతోంది. నన్ను ఎంచుకుంది."

టేపత్త చేతిలో కత్తెర ఆగింది. ముందు గౌను వేసుకుని చూడమంది, ఆలోచించుకోవడానికి కాస్త వ్యవధి దొరుకుతుందని. పిల్ల కర్టెన్ వెనక్కి వెళ్ళింది. ఫోన్ టింగుమంది. మళ్ళీ టింగుమంది. గౌను తొడుక్కోవడానికి పట్టే సమయం దాటిపోయినా లోపల బట్ట చప్పుడైనా లేదు.

"బంగారూ, ఒకసారి బయటికి రా." టేపత్త కర్టెన్ దగ్గరికి వెళ్ళి పిలిచింది.

పిచ్చుక బడి బట్టల్లోనే వచ్చింది. బట్టలు మార్చుకునే చోటు నుంచే ఫోటో పంపమని ఆ అక్క పట్టుబడుతోందట. పది నిమిషాల్లో పంపకపోతే పేరు కొట్టేస్తుందట.

"పంపావా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది.

ఆ అక్క గొంతు ఎప్పుడైనా విన్నావా అని టేపత్త అడిగింది. వినలేదట. మూడు నెలలుగా ఆవిడకి గొంతు బాగాలేదట. అయితే ఇప్పుడే ఫోన్ చెయ్యమంది. అవతల కట్ చేశారు. మళ్ళీ చేస్తే మళ్ళీ కట్. ఆ వెంటనే మెసేజ్ వచ్చింది: నీ పక్కన ఎవరున్నారు?

ఎవరో నిలబడి చూస్తున్నట్టు టేపత్త తలుపు వైపు తిరిగింది. ఇంతలో ఇంకో మెసేజ్. ఇదివరకు పోటీ కోసమని పిచ్చుక పంపిన ఫోటోలన్నీ బడిలో అందరికీ పంపిస్తానని.

పిచ్చుక ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అమ్మకి చెప్పొద్దత్తా. చంపేస్తుంది."

చెప్పనని మాటిస్తే పిల్ల ఈ పూటకి ఊపిరి పీల్చుకుంటుంది. అవతలి మనిషి మాత్రం ఆగడు.

"చెప్తాను. నీ ఎదురుగానే చెప్తాను. తప్పు నీది కాదని కూడా నేనే చెప్తాను."

ఒక్క మెసేజ్ కూడా చెరపనివ్వలేదు. ఫోన్ తన సంచిలో వేసుకుని, షట్టర్ దించి, పిల్లని వెంటబెట్టుకుని ఆసుపత్రికి నడిచింది. దారంతా సంచిలో ఫోన్ మోగుతూనే ఉంది.

నర్సమ్మ మాట పూర్తిగా వినకుండానే ఒంటికాలి మీద లేచింది. "నా కూతురి ఫోన్‌తో నీకేం పని వదినా?"

టేపత్త ఫోన్ తీసి ఆమె చేతిలో పెట్టింది. నాలుగు మెసేజ్‌లు చదివేసరికి నర్సమ్మ గోడవారగా కింద కూర్చుంది. కొడుతుందేమోనని టేపత్త మధ్యలోకి జరిగింది. కొట్టలేదు. కూతుర్ని ఒళ్ళోకి లాక్కుంది.

ముగ్గురూ అటునుంచి అటే పోలీసుల దగ్గరికి వెళ్ళారు. ఆ అక్క నలభై దాటిన మగవాడని తేలడానికి ఆరు వారాలు పట్టింది. పిచ్చుక తరగతిలో ఇంకో ఇద్దరు పిల్లలతోనూ వాడు అలాగే మాట్లాడుతున్నాడు. వాణ్ణి పట్టుకున్నారు. కానీ అప్పటికే నాలుగు ఫోటోలు ఎవరెవరి చేతుల్లోకో వెళ్ళాయి. మామూలు ఫోటోలే. అయినా పిచ్చుక వారం రోజులు బడికి వెళ్ళలేదు.

నాలుగు నెలలు ఆ పిల్ల దుకాణం మెట్టెక్కలేదు. వీధిలో ఎదురైతే తల తిప్పుకునేది. ఆ పూట టేపత్తకి అన్నం సయించేది కాదు.

కొత్త తరగతి మొదలయ్యే ముందు, యూనిఫారం కోసం పిచ్చుక తల్లి వెంట వచ్చింది.

"వదులుగా కుట్టత్తా," అంది. "రెండు పక్కలా జేబులు పెట్టు. పెద్దవి."

"వాటిలో ఏం వేసుకుంటావే?"

"ఇంకా అనుకోలేదు," అంది పిచ్చుక.