జోల్వా షెడ్డు వెనక చింతచెట్టు

2018 ఫిబ్రవరి. సూరత్‌లో కోసాడ్ క్వార్టర్ల అవతల నాకో చిన్న నర్సరీ ఉంది. సిరిసిల్ల దగ్గరి ఊరి నుంచి వచ్చి పన్నెండేళ్లు పవర్‌లూమ్ నడిపాను. ఆ చప్పుడుకు చెవులు మందగించాక మగ్గం వదిలి, ఒక గుజరాతీ తోటమాలి దగ్గర బోన్సాయ్ నేర్చుకున్నాను. మానుగా ఎదిగే చెట్టును తొట్టిలో పొట్టిగా, ముసలి రూపంతో పెంచే పని అది.

ఒక శుక్రవారం పొద్దున రాజేశం, భాగ్య అనే దంపతులు వచ్చారు. నలభై దగ్గరపడ్డ మనుషులు. రాజేశం ఊరవతలి జోల్వాలో ఒక షెడ్డులో ఇప్పటికీ మగ్గం నడుపుతున్నాడు. ఇల్లు మాత్రం ఇక్కడే, క్వార్టర్లలో నాలుగో అంతస్తు.

"అన్నా, పెద్ద చెట్టును తవ్వి కుండల పెడ్తవట గదా?" అన్నాడు రాజేశం. "మా షెడ్డెనుక చింతచెట్టున్నది. సేఠ్ కొత్త షెడ్డు కడ్తుండు. సోమారం జేసీబీ వస్తది."

మరునాడు వెళ్లి చూశాను. కరెంటు తీగలకు తగులుతుందని ఏటా నరికేస్తుండడంతో చెట్టు నడుమెత్తు దాటలేదు. మొదలు మాత్రం తొడంత లావు. చూడగానే నాకు ఆశ పుట్టింది. బయట పెరిగిన చెట్టును తవ్వి తెచ్చి మలచడాన్ని మా పనిలో యమదోరి అంటారు. చలి దేశాల్లో కొండల మీద పెరిగే యూ అనే చెట్లను ఇట్లా తెచ్చి ఏళ్ల తరబడి తీర్చిదిద్దుతారు. సూరత్ ఎండకు యూ బతకదు. ఇక్కడ మాకు దొరికే మొండి చెట్టు చింతే.

అసలైతే ఇలాంటి చెట్టును తీయడానికి ఏడాది పడుతుంది. ఒక పక్క వేళ్లు కోసి, కొత్తవి వచ్చేదాకా ఆగి, అప్పుడు రెండో పక్క కోయాలి. నా చేతిలో ఉన్నది ఒక్క ఆదివారం. తల్లివేరు ఒక్కసారే కోసేశాను. భాగ్య గుంట అంచునే కూర్చుని, "అన్నా, కింది మన్ను పారెయ్యకు, జర పైలం" అని రెండుసార్లు చెప్పింది. చెట్టు బాగుకే అంటోందనుకుని సరేనన్నాను. ఎందుకని అడగలేదు.

నర్సరీకి తెచ్చాక నాకు తెలిసిన పద్ధతిలోనే చేశాను. నల్లరేగడి నీళ్లు పట్టి ఉంచుతుంది, కోసిన వేళ్లను కుళ్లబెడుతుంది. అందుకని ఒక పక్క వేళ్లకున్న మట్టి ఉంచి, మిగతాదంతా పైపుతో కడిగేశాను. ఇటుక రవ్వ, ఇసుక కలిపిన చెక్కపెట్టెలో చెట్టును నాటి, నీడలో పెట్టాను.

మూడు వారాలకు చిగుళ్లు వచ్చాయి. భాగ్య వచ్చి చూసి ఏడ్చింది. ఆమెకు అప్పుడే ఒక మాట చెప్పి ఉండాల్సింది. తవ్వి తెచ్చిన చెట్టుకు మొదట వచ్చే ఆకులను నమ్మకూడదు. మానులో దాగిన బలంతో అవి వస్తాయి. కింద కొత్త వేరు పుట్టకపోతే ఆ బలం అయిపోగానే రాలిపోతాయి. ఇది తెలిసీ, ఆమె ముఖం చూసి చెప్పలేకపోయాను.

ఏప్రిల్ ఎండల్లో ఆకులు ముడుచుకుపోయాయి. వారంలో చెట్టు బోడిదైంది. నాకు అన్నం సహించేది కాదు. రోజుకు మూడుసార్లు గోటితో బెరడు గీకి చూసేవాణ్ణి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టు. ఒక పక్క పచ్చగానే ఉంది. రెండో పక్క కొమ్మల నుంచి కిందికి గోధుమరంగు దిగుతోంది. చెట్టును పైకి లాగి వేళ్లు చూద్దామని మనసు కొట్టుకునేది. లాగితే పుట్టబోయే సన్నవేళ్లు తెగుతాయి. భోజనం వేళ రాజేశం ఫోన్ చేసేవాడు. మగ్గాల హోరులో నా మాట అతనికి వినపడదు, అతని మాట నాకు వినపడదు. "ఉన్నదా?" అన్నది మాత్రం తెలిసేది. "ఉన్నది" అనేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం భాగ్య చెప్పకుండా వచ్చింది. బోడి కొమ్మలు చూసి నిలబడిపోయింది.

"సచ్చిపోయిందా?"

"సగం పోయినట్టుంది, చెల్లె. ఇంకో సగం సంగతి నాకు తెల్వదు. మొదటి ఆకులప్పుడే జెప్పాలె. తప్పు నాదే."

ఆమె చెక్కపెట్టె పక్కన కూర్చుంది. తర్వాత మెల్లగా చెప్పింది. "మాకు తొలుసూరు ఆడపిల్ల. రెండు దినాలకే పోయింది. సూరత్‌కు కొత్తగ వచ్చినం, ఎవలనడగాల్నో తెల్వలే. షెడ్డెనుకనే బొంద పెట్టినం. చెట్టు మేం పెట్టలే అన్నా. ఎవలు పారేసిన చింతగింజనో, గాడనే మొలిసింది. గుర్తుకు గదొక్కటే మిగిలింది." పెట్టెలోకి చూసి అడిగింది. "గా మన్ను ఏడున్నది?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు. "కొంత ఇంక వేళ్లకే ఉన్నది. మిగిలింది కడిగేసిన. నీళ్లు గా మల్లెమడిలకు పోయినయ్."

ఆమె మడి దగ్గరికి వెళ్లి కూర్చుంది. నేను నీళ్ల పైపు పట్టుకుని నిలబడ్డాను, నీళ్లు కాళ్ల మీద పోతున్నా తెలియలేదు. లేచేటప్పుడు కొంగున పిడికెడు మట్టి కట్టుకుంది. "ఇంకేం జేసినా నాకు జెప్పి జెయ్యి" అని వెళ్లిపోయింది.

వానలు పడ్డాయి. జులైలో ఒక ఉదయం పెట్టె పలకల సందులో తెల్లటి వేరుకొన కనిపించింది. ఫోన్ చేసి, "వేరు కనబడ్డది. బతికిందని మాత్రం ఇప్పుడే అనను" అన్నాను. మళ్లీ చిగుళ్లు వచ్చినా, రెండో ఎండాకాలం దాటేదాకా ఆ మాట అనలేదు.

చెట్టు సగం మాత్రమే దక్కింది. ఎండిన సగాన్ని కోసేయొచ్చు, లేదా బెరడు తీసి, పురుగు పట్టకుండా మందు పూసి అలాగే ఉంచొచ్చు. దాన్ని డెడ్‌వుడ్ అంటాం. ఈసారి ఆమెను పిలిచి అడిగాను.

"ఉంచు. దాన్నెందుకు దాయాలె?" అంది.

తీగ చుట్టి కొమ్మలను వంచడానికి, పెట్టె నుంచి బోన్సాయ్ తొట్టికి మార్చడానికి, తవ్విన నాటి నుంచి మొత్తం నాలుగేళ్లు పట్టింది. 2022లో నేనూ రాజేశం దాన్ని నాలుగు అంతస్తులు మోసి వాళ్ల బాల్కనీలో పెట్టాం. కత్తెర ఇచ్చి ఎలా కత్తిరించాలో చూపించబోతే, భాగ్య చేతులు వెనక్కి పెట్టుకుంది. "నేను దీనికి కత్తెర పెట్ట. నువ్వే ఏడాదికోపారి రా."

ఈ పనిలో పడి చాలా ఏళ్లయింది. చెట్టు నా చేతిలో బతకొచ్చు, చావొచ్చు. కానీ తెచ్చినవాళ్లు అందులో ఏం కాపాడుకుంటున్నారో ముందు అడగాలని నేర్పింది ఈ చెట్టే. ఏటా వానలు మొదలవగానే ఆ బాల్కనీకి వెళ్తాను. ఏ కొమ్మ తీయాలో చూడగానే తెలుస్తుంది. అయినా దాని మీద వేలు పెట్టి భాగ్య వైపు చూస్తాను. ఆమె తల ఊపాకే కత్తెర వేస్తాను.