మల్లవ్వ చేతికిచ్చిన కట్లపాము

నా ఉద్యోగంలో చివరి పోస్టింగు జగిత్యాల. అటవీ శాఖలో రేంజ్ ఆఫీసర్‌గా అక్కడ బాధ్యతలు తీసుకున్నది వానాకాలం మొదట్లో, వరి నార్లు పోసే రోజుల్లో. రేంజ్ ఆఫీసర్ కింద సెక్షన్ ఆఫీసర్లు, వాళ్ల కింద బీట్ ఆఫీసర్లు పనిచేస్తారు. బీట్ అంటే ఒక మనిషి తిరిగి కాపాడవలసిన అడవి భాగం. అడవి ఉన్నది సారంగాపూర్, బీర్పూర్ వైపు కాబట్టి మా సిబ్బందిలో ఎక్కువమంది అటే ఉండేవారు. పాములు మాత్రం ఇళ్లలో, రైస్ మిల్లుల్లో, పసుపు గోదాముల్లో దూరేవి. శిక్షణ ఉన్న మనిషి కోరుట్లకో మెట్‌పల్లికో చేరేసరికి ఆలస్యమయ్యేది. మా శాఖలో ఉన్న ఆ లోటు నిజమే, దాన్ని దాచను. ఆ సందులోకి దూరినవాడు గంగాధర్.

గంగాధర్‌కు కోరుట్లలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉండేది. నవ్వు మొహం, కలుపుగోలు మనిషి. పాములు పట్టడం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఫోన్‌లో వీడియోలు చూసి మొదలుపెట్టాడు. ఎవరు పిలిచినా బండి మీద వచ్చేసేవాడు. ఇక్కడిదాకా అతని మీద నాకు కోపం లేదు. కానీ పాము దొరికాక అతని అసలు పని మొదలయ్యేది. తోక పట్టి ఊపేవాడు, పడగకు ముద్దు పెట్టేవాడు, మెడలో వేసుకునేవాడు. పక్కన ఒకడు ఫోన్‌లో వీడియో తీసేవాడు, గంగాధర్ దాన్ని ఇంటర్నెట్‌లో తన పేజీలో పెట్టేవాడు. జనం ఈలలు వేసేవారు.

మా పద్ధతిలో ఇవేవీ లేవు. ముందు జనాన్ని దూరం జరపాలి. కాళ్లకు బూట్లు ఉండాలి. పాము ఒంటిని కొక్కెం కర్రతో ఎత్తి, గొట్టం బిగించిన సంచి మూతి దగ్గర పెడితే, చీకటి కన్నం కనబడి పాము తనంతట తనే లోపలికి వెళుతుంది. చేయి దానికి తగలదు. తర్వాత దగ్గరలోనే, మనుషుల రాకపోకలు లేనిచోట వదలాలి. మొత్తం పని చూడ్డానికి చప్పగా ఉంటుంది. చప్పగా ఉంటేనే సరిగ్గా జరిగినట్టు.

మెట్‌పల్లిలో ఒక రైస్ మిల్లులో అతను నాగుపాముతో ఆడిన వీడియో చూశాక ఆఫీసుకు పిలిపించాను. అనుమతి లేకుండా వన్యప్రాణిని పట్టడం చట్టం దృష్టిలో వేట కిందికే వస్తుందని చెప్పాను. శిక్షణ ఇప్పిస్తానని, అప్పటిదాకా పామును ముట్టవద్దని చెప్పాను.

"సార్, శిక్షణ ఎందుకు? గిన్ని పాములు పట్టిన, ఒక్కటన్న కరిచిందా?" అన్నాడు.

"కరిచిన రోజు ఏం చేస్తావు?"

"నన్ను గరవయి సార్. వాటికి నా చెయ్యి ఎరికే."

అతను వెళ్లిన కాసేపటికే స్థానిక నాయకుడొకరు ఫోన్ చేశాడు. "ఆఫీసర్ సాబ్, మీరా టైముకు రారు. అచ్చే పిలగాణ్ణి గూడ ఆపుతె ఎట్ల? జనానికి సేవ జేస్తుండు." ఆ వారమే ఒక సభలో గంగాధర్‌కు శాలువా కప్పారు. కప్పినవాడు ఈ నాయకుడే.

జరిగింది ఆ తర్వాత కొద్దికాలానికే, కోరుట్లలో, పట్టపగలు. సుల్తానా బేగం అనే ఆమె ఇంట్లో బాత్రూం కడుతున్నారు. ఆమె బట్టలు కుట్టి ఇల్లు నడిపే మనిషి. బీర్పూర్ నుంచి వచ్చి అక్కడే అద్దెకుంటున్న మల్లవ్వ, ఆమె భర్త రాజయ్య ఆ కట్టుబడి పనికి కుదిరారు. రాజయ్య మేస్త్రీ, మల్లవ్వ ఇటుకలు అందించేది. పొద్దున ఇటుకల వరుస తీస్తుంటే అడుగున నల్లటి పాము చుట్టుకుని కనిపించింది. ఎవరో గంగాధర్‌కు ఫోన్ చేశారు. సిమెంటు తక్కువైందని రాజయ్య అప్పుడే దుకాణానికి వెళ్లాడు.

అక్కడ జరిగిందంతా వీడియో తీశారు, తర్వాత నేను దాన్ని చాలాసార్లు చూడవలసి వచ్చింది. పాము నలుపు, ఒంటి మీద సన్నటి తెల్లని పట్టీలు. కట్లపాము. మన ఇళ్లలో దాన్ని పోలిన విషం లేని పాము ఒకటి తిరుగుతుంది. దానికి పట్టీలు మెడ దగ్గర స్పష్టంగా ఉండి తోకవైపు చెరిగిపోతాయి. కట్లపాముకు తోకవైపే స్పష్టంగా ఉంటాయి. ఈ తేడా శిక్షణలో మొదట చెప్పే పాఠాల్లో ఒకటి. పైగా కట్లపాము రాత్రి తిరిగేది. పగలు మందంగా పడి ఉంటుంది, తల చుట్టలో దాచుకుంటుంది. తెలియనివాడికి అది సాధుజంతువులా కనిపిస్తుంది.

గంగాధర్ దాన్ని చేత్తో ఎత్తి, "గిది విషం లేంది. పిల్లి లెక్క ఉంటది" అన్నాడు. జనం దగ్గరికి వచ్చారు. వాళ్లలో మల్లవ్వ కనిపించింది. "అక్కా, నువ్వు పట్టుకో. ఆడోళ్లకు భయం పోవాలె."

"అమ్మో, నాకద్దు తమ్మీ" అని ఆమె వెనక్కి జరిగింది. ఎవరో నవ్వారు. ఎవరో "పట్టు పట్టు" అన్నారు. అతను ఆమె చేయి పట్టుకుని పామును అరచేతిలో పెట్టాడు. ఆమె మొహం పక్కకు తిప్పుకుని నవ్వింది. వెంటనే చేయి విదిలించింది. "సుర్రుమన్నది తమ్మీ" అంది.

"గోరు గీసుకున్నట్టుంది. పసుపు పెట్టు, ఏం గాదు." పామును ప్లాస్టిక్ డబ్బాలో వేసుకుని గంగాధర్ వెళ్లిపోయాడు. వీడియో అక్కడితో అయిపోయింది.

కట్లపాము కాటుకు వాపు ఉండదు. నొప్పి ఉండీ లేనట్టుంటుంది. గాటు కూడా సరిగ్గా కనబడదు. మల్లవ్వ ఇటుకలు మోసింది. మధ్యాహ్నానికి కడుపునొప్పి అంది. సిమెంటుతో తిరిగొచ్చిన రాజయ్య కూడా తిన్నది పడలేదేమో అనుకున్నాడు. వాంతి చేసుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. నీళ్లిచ్చిన సుల్తానాకు, ఆ నీళ్లు గొంతు దిగక పెదవుల పక్కనుంచి కారిపోవడం కనిపించింది.

ఆమె తర్వాత నాతో చెప్పిన మాటలివి. "నిద్రొస్తుందా మల్లవ్వా అని అడిగిన సార్. లేదమ్మా, రెప్పలు లేస్తలేవు అన్నది. నాకు పాము మతికొచ్చింది. వాడు విషం లేదన్నడని కూసుంటనా? ఆటో పిలిచిన."

కోరుట్ల ఆస్పత్రిలో డ్యూటీ డాక్టర్ లక్షణాలు చూసి వెంటనే విషానికి విరుగుడు మందు ఎక్కించడం మొదలుపెట్టాడు. కరిచింది విషం లేని పాము అని వెంట వచ్చినవాళ్లు గట్టిగా వాదిస్తుంటే, నిర్ధారణ కోసం నాకు ఫోన్ చేశాడు. సుల్తానా పక్కింటివాళ్ల దగ్గరున్న వీడియో తెప్పించి నాకు పంపించింది. చూడగానే కట్లపాము అని చెప్పాను. "అయితే శ్వాస ఆగిపోతుంది" అన్నాడు డాక్టర్. ఆ విషం నరాల నుంచి కండరాలకు వెళ్లే ఆజ్ఞను ఆపేస్తుంది. ముందు రెప్పలు, తర్వాత గొంతు, చివరకు ఊపిరి తీసే కండరాలు. ఆలస్యమైతే మందు ఎక్కించినా ఆ పట్టు వెంటనే వదలదు. గొంతులో గొట్టం వేసి, చేత్తో గాలి కొడుతూనే ఆమెను కరీంనగర్ పంపారు.

నేను వెంటనే సెక్షన్ ఆఫీసర్‌తో కలిసి గంగాధర్ దుకాణానికి వెళ్లాను. పాము కౌంటర్ కింద డబ్బాలో ఉంది. వీడియో మాత్రం అప్పటికే తన పేజీ నుంచి తీసేశాడు. ఒకామె ఊపిరి కోసం కొట్టుకుంటుంటే అతనికి తట్టిన మొదటి పని అది. పామును స్వాధీనం చేసుకుని, సాక్షుల ఎదుట పంచనామా రాయించాం.

"ఆమెనే పట్టుకున్నది సార్. నేను బలవంతం జెయ్యలే" అన్నాడు.

మల్లవ్వ కరీంనగర్‌లో కొన్నాళ్లు వెంటిలేటర్ మీద ఉంది. డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు. ఆమె బతకలేదు.

రాజయ్యను కరీంనగర్ ఆస్పత్రి వరండాలో కలిశాను. చేతుల మీద సిమెంటు మరకలు ఇంకా పూర్తిగా పోలేదు. ఊళ్లో జనం ఏమంటున్నారో అప్పటికే ఆయన చెవిన పడింది. "పాముతోని ఆటలేందని అంటున్నరట సార్. నా పెండ్లాం పామును పట్టనీకి పోలే. ఇటుకలు మోయనీకి పోయింది" అన్నాడు. ఆ మాటకు జవాబు చెప్పవలసిన వాళ్లు వేరే ఉన్నారు.

గంగాధర్ మీద వన్యప్రాణి చట్టం కింద మేము, నిర్లక్ష్యంతో ప్రాణం తీసినందుకు పోలీసులు కేసులు పెట్టాం. బెయిల్ వచ్చింది. మనిషి కొన్నాళ్లు తగ్గి ఉంటాడనుకున్నాను. చలికాలం రాకముందే సిరిసిల్లలో ఒక సంఘం వాళ్లు సభ పెట్టి అతన్ని సన్మానానికి పిలిచారని, పాముతో ప్రదర్శన కూడా ఉందని తెలిసింది. సిరిసిల్ల నా పరిధి కాదు. అక్కడి రేంజ్ ఆఫీసర్‌కు ఫోన్ చేసి, ఆయన అడిగితే సాక్షిగా వెంట వెళ్లాను.

హాలు నిండా మరమగ్గాల మీద పనిచేసే కుటుంబాలు. ముందు వరుసల్లో ఆడవాళ్లు ఒళ్లో పసిపిల్లలతో కూర్చున్నారు. గంగాధర్ వేదిక మీద సంచి మూతి విప్పుతున్నాడు. సిరిసిల్ల ఆఫీసర్ వేదిక ఎక్కి సంచి మూతి కట్టించి స్వాధీనం చేసుకున్నాడు. అందులో నాగుపాము ఉంది. నిర్వాహకుడు మా మీదికి వచ్చాడు. "పెద్దమనుషుల ముంగట గిట్ల ఇజ్జత్ తీస్తరా? మేం పిలిచిన గెస్ట్ సార్ ఆయన!"

ఉద్యోగంలో ఎన్నడూ గొంతు పెంచని నేను ఆ రోజు పెంచాను. మైకు తీసుకున్నాను. కోరుట్లలో ఈ మనిషి మల్లవ్వ అనే కూలి మనిషి చేతిలో కట్లపామును పెట్టాడని, ఆమె చనిపోయిందని, ఇప్పుడు మీ పిల్లల ముందు నాగుపామును విప్పుతున్నాడని చెప్పాను. శాలువాలు కప్పినవాళ్లకూ ఆ చావులో వాటా ఉందన్నాను. ముందు వరుసలో ఒకామె లేచి పిల్లను చంకనెత్తుకుని, "గీ సంగతి చెప్పకుండనే మమ్ముల పిలిచిండ్రా?" అని నిర్వాహకుణ్ణి అడిగింది. జనం బయటికి నడవడం మొదలుపెట్టారు.

ఆ తర్వాత గంగాధర్‌ను ఎవరూ పిలవలేదు. కేసు నేను రిటైరయ్యేనాటికి కోర్టులోనే ఉంది. అతని దుకాణం నడుస్తూనే ఉంది. జగిత్యాలలో మా వాళ్లకు, మండలానికి ఇద్దరు చొప్పున యువకులకు శిక్షణ ఇప్పించాను. ఆ పని మల్లవ్వ చనిపోకముందే జరగాల్సిందని పై అధికారులతో అన్నాను. ఎవరూ కాదనలేదు.

నాకు తెలిసింది ఇంతే. ఎన్ని పాములు పట్టినా కరవలేదంటే పట్టినవాడికి పని వచ్చినట్టు కాదు, ఇంకా కరవలేదన్నంతవరకే. ఫలానావాడు పాములు బాగా పడతాడని ఇప్పుడెవరైనా చెబితే, జనాన్ని ఎంత దూరంలో నిలబెడతాడని అడుగుతాను. ఆ సంగతి చెప్పలేకపోతే అతన్ని ఇంటికి పిలవవద్దని చెబుతాను.