ఇసుక జారినప్పుడు

నా చిన్నప్పుడు మైపాడు ఒడ్డున మా తాతయ్య గరిడీ నడిపేవాడు. గరిడీ అంటే కత్తిసాము, కర్రసాము నేర్పే చోటు. మిగతా ఊళ్లలో దానికి చదును చేసిన గట్టి నేల ఉండేది. మాకు ఒక పాక ఉండేది గాని, అది కత్తులూ కర్రలూ పెట్టుకోవడానికే. సాధనంతా తడి ఇసుక మీద, అల వచ్చి చీలమండలు తడిపిపోయే చోట. మనవరాలినని నాకూ ఒక పొట్టి కర్ర ఇచ్చి మగపిల్లల వరసలోనే నిలబెట్టాడు.

తాతయ్య కత్తి పట్టడం ఉదయగిరి వైపు ఒక సాహెబు గారి దగ్గర నేర్చుకున్నాడు. కర్ర తిప్పడం పులికాట్ అవతలినుంచి వచ్చిన ఒక అరవ ఆయన నేర్పాడు. అడుగులు మాత్రం మా ఊళ్లో చేపల వేటకు వెళ్లేవాళ్లవి. ఊగే తెప్ప మీద మోకాళ్లు సడలించి నిలబడతారే, అదీ పద్ధతి. ఈ మూడూ ఎప్పుడు ఎలా కలిశాయని ఎవరూ అడగలేదు, నెల్లూరు నుంచి ఒక పెద్దమనిషి వచ్చేదాకా.

పట్నంలో సాముల ప్రదర్శన పెడుతున్నారట. ఒక్కో గరిడీ గురించి మైకులో చెప్పాలి గనక, మీది ఏ సంప్రదాయమని అడిగాడాయన. ఆదివారం మళ్లీ వస్తాననీ, అప్పటికి తేల్చకపోతే కలగాపులగానికి చోటివ్వడం కష్టమనీ మర్యాదగానే చెప్పి బస్సెక్కాడు.

ఆ మాటతో గరిడీ రెండుగా చీలింది. కత్తిలో మేటి మేము పొడుగన్న అని పిలిచే కుర్రవాడు. మనది కత్తి గరిడీ అని చెప్పాల్సిందేనన్నాడు. కర్రలో మేటి తెప్పలన్న, వేటకు వెళ్లే ఇంటివాడు. అతను ఒప్పుకోలేదు.

"కర్ర తిప్పకుంటే నీ మణికట్టు అట్టా తిరిగేదా అబ్బయా? కొయ్యబారి ఉండేది."

"నీ కర్రతో పీతల్ని అదిలించుకో పో!"

మొదట అంతా నవ్వులాటే. శనివారానికల్లా రెండు జట్లూ చెరో చోట సాధన చేయడం మొదలుపెట్టాయి. తాతయ్య ఎవరినీ కోప్పడలేదు. ఆ సాయంత్రం పాకలో కత్తులకు నూనె రాస్తూ, "ఇడిపోతే మూసేద్దాంలే పాపా" అన్నాడు నాతో. ఆ గొంతులో కోపం లేకపోవడమే నన్ను భయపెట్టింది.

ఆదివారం పెద్దమనిషి రాగానే తాతయ్య అందరినీ ఒడ్డుకు పిలిచాడు. పొడుగన్న చేతికి మొద్దు కత్తి, తెప్పలన్న చేతికి కర్ర ఇచ్చి ఎదురెదురుగా నిలబెట్టాడు. ఆటలో గరిడీకి బయటినుంచి వచ్చింది ఏది కనపడినా మిగతావాళ్లం చప్పట్లు కొట్టాలన్నాడు. చప్పట్లు పడనిదేదో అదే మనదని అయ్యగారికి చెప్పేద్దామన్నాడు.

పొడుగన్న కత్తి నుదుటికి ఆనించి సలాము చేశాడు. అది సాహెబు గారిది, చప్పట్లు. తెప్పలన్న కర్ర గిర్రున తిప్పాడు. అది అరవాయనది, చప్పట్లు. ఇద్దరూ అడుగు వేస్తే అది తెప్పల మీదిది, మళ్లీ చప్పట్లు. కాసేపటికి మా చేతులు ఆగడమే లేదు. పెద్దమనిషి కూడా నవ్వుతూ కొట్టేస్తున్నాడు. నాకు మాత్రం నవ్వు రావడం లేదు. మాదంటూ ఏమీ మిగలడం లేదు మరి.

ఇంతలో ఒక పెద్ద అల వచ్చి, వెనక్కి పోతూ తెప్పలన్న మడమల కింద ఇసుకను లాక్కుపోయింది. అతను పక్కకు ఒరిగాడు. మెడకు, భుజానికి కర్ర అడ్డు లేదు. వారం రోజుల కోపంతో పొడుగన్న కత్తి అప్పటికే పైకి లేచింది. లేచినది అక్కడే ఆగిపోయింది. తెప్పలన్న కాళ్లు కుదురుకునేదాకా అది గాలిలోనే ఉంది.

ఎవరమూ చప్పట్లు కొట్టలేదు. గరిడీలో చేరిన రోజే అందరికీ చెప్పే మాట అది. ఎదుటివాడి కాళ్ల కింద ఇసుక జారితే చెయ్యి ఆపాలి, ఎందుకంటే అతన్ని ఒరగదోసింది సముద్రం, నీ విద్య కాదు.

"ఏంది, చేతులు నొప్పిపుట్టినాయా?" అన్నాడు తాతయ్య.

"అది మనదే గదా తాతా" అన్నాను నేను.

పెద్దమనిషి నవ్వు ఆపి, అది ఏ గురువు నేర్పినాడని అడిగాడు. "ఏ గురువూ కాదయ్యా. వాళ్లంతా గట్టి నేల మీద ఆడినోళ్లు. వాళ్లకు ఆ పని పడలా" అన్నాడు తాతయ్య. పొడుగన్న కత్తి దించి, తెప్పలన్న కర్రకు అంటిన ఇసుకను అరచేత్తో తుడిచాడు.

ప్రదర్శన రోజున మైకులో, ఎదుటివాడి కాళ్ల కింద ఇసుక జారితే ఆగే మైపాడు గరిడీ అని చెప్పారు. ఆ మైదానంలో ఇసుక లేదు, అల లేదు. అయినా మావాళ్లిద్దరూ అలవాటు కొద్దీ, అల వెనక్కి పోతున్నట్టే, మధ్యమధ్య ఒక్క క్షణం ఆగారు. ఎందుకాగారో జనానికి తెలియలేదు.

గరిడీ ఇప్పుడు లేదు. నా చేతిలో కర్రా లేదు. కాని వాదనలో ఎదుటి మనిషి మాట తడబడి, ఇంకొక్క మాట అంటే పడిపోతాడనిపించినప్పుడు, నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగుతుంది. అతను కుదురుకునేదాకా చూస్తాను. తరవాత మళ్లీ మొదలుపెడతాను. తాతయ్య ఆగమన్నాడు గాని, ఓడిపొమ్మనలేదు.