పెట్టెలో పట్టని గౌను

ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు పనుల హడావుడిలో దోహా అంతా తవ్వి పోసిన రోజులవి. మా ఊరి మనిషి ఒకాయన దోహా పక్కనే ఉన్న లుసైల్‌లో రోడ్డు పని చేసేవాడు. నన్ను వదినె అని పిలిచేవాడు. శుక్రవారం వస్తే కూలీల క్యాంప్ నుంచి అల్ అజీజియాలోని మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు. పని అయ్యేదాకా ఊరికి పోవడానికి సెలవు లేదని కంపెనీ తేల్చేసింది. కూతుర్ని చూడక మూడేళ్ళు దాటింది పాపం.

ఇక్కడ ఊరికి పోయేవాళ్ళ పెట్టెలో సగం పక్కవాళ్ళ సామానే. ఆ ఎండాకాలం మేం బయల్దేరుతుంటే, పదకొండేళ్ళ మా అమ్మాయిని గోడకి నిలబెట్టి ఎత్తు చూసుకుని, అదే వయసున్న తన బిడ్డకి గౌను కొని తెచ్చాడు. మా మహారాణి ఫోన్‌లోంచి తలెత్తకుండానే నిలబడింది.

ఊళ్ళో దిగిన సాయంత్రమే ఆయన కూతురు వచ్చింది. పెట్టె తెరిస్తే గౌను లేదు. దాని చోట మా అమ్మాయి ఫుట్‌బాల్ బూట్లున్నాయి.

"పట్టలేదమ్మా. గౌను ఇంకోసారి తేవచ్చు గదా," అంది మా అమ్మాయి తాపీగా.

దాని వీపు విమానం మోత మోగించాలనిపించింది. వచ్చిన పిల్ల ముందు సిగ్గుతో చచ్చిపోయాను. ఆ పిల్ల మాత్రం గౌను మాటే ఎత్తలేదు. మా అమ్మాయి పక్కన చేరి, "దుబాయ్‌ల మా నాయిన మీ ఇంటికి అస్తడట గదా. ఎట్లున్నడు? బక్కగైండా?" అని అడిగింది. మా ఊళ్ళో గల్ఫ్‌లో ఎక్కడున్నా దుబాయ్ అనే అంటారు.

మా అమ్మాయి నా వైపు చూసింది. నేను కోపంతో కావాలనే మొహం తిప్పుకున్నాను. ఆ పిల్ల కదలకుండా నిలబడింది.

"నేను సరిగ చూడలే," అంది చివరికి మా అమ్మాయి, నేల చూస్తూ.

ఆ వయసులో ఎవరి లోకానికి వాళ్ళే రాజులు. ఎదుటివాళ్ళకీ ఒక ఎదురుచూపు ఉంటుందని నేనెన్ని నీతులు చెప్పినా మా అమ్మాయి తలకెక్కలేదు. ఆ ఒక్క ప్రశ్నతో ఎక్కినట్టుంది. ఆ సెలవుల్లో బూట్లు పెట్టెలోంచి బయటికి రాలేదు.

గౌను సంగతి ఆ పిల్ల ఫోన్‌లోనూ తండ్రికి చెప్పినట్టు లేదు. తిరిగొచ్చిన మొదటి శుక్రవారం ఆయన కంచం ముందు కూర్చోగానే, "గౌను సరిపోయిందా వదినె?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే మా అమ్మాయి చెప్పేసింది. "నేనే పెట్టెలకెల్లి తీసేసిన చిన్నాయినా. నా బూట్లు పెట్టుకున్న."

అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. "నా బిడ్డ ఏడ్చిందా?" అన్నాడు.

"లేదు. నువ్వు బక్కగైనవా అని అడిగింది."

మా అమ్మాయి ఫోన్ పక్కన పెట్టి ఆయనకెదురుగా కూర్చుంది. ఇన్నేళ్ళుగా మా ఇంట్లో తింటున్న ఆ మనిషి మొహాన్ని మొదటిసారి నిదానంగా చూసింది.

"బక్కగైనవ్ చిన్నాయినా," అంది.

ఆయన తల వంచుకుని అన్నం తిన్నాడు.