గిన్నె లోపలి మెరుపు

మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. మా పెద్దాణ్ణి కాలువ అవతల దొరలు పెట్టిన బడిలో వేసిన కొత్త. దూరం కనుక మధ్యాహ్నానికి అన్నం కట్టి పంపేదాన్ని. ఆ రోజు ఇత్తడి గిన్నెను చింతపండుతో తళతళలాడేలా తోమి, వాడికిష్టమని పులిహోర పెట్టి పంపాను.

పొద్దు బాగా ఎక్కాక మా అత్తగారు అడిగారు. "ఏమే, ఆ గిన్నె లోపల తెల్లగా ఉందా, పచ్చగా ఉందా?"

"పచ్చగా, బంగారంలా మెరిసిందండి."

ఆవిడ ముఖం పాలిపోయింది. "లోపలి కళాయి పూత పోయిందే! ఉత్త ఇత్తడికి పులుపు తగిలితే విషమే. మగాళ్ళు పొలంలో ఉన్నారు. నువ్వే పరిగెత్తు!"

అంతవరకు ఒంటరిగా వీధి గుమ్మం దాటి ఎరగను. కాలువ గట్టుకు పరిగెత్తాను. పడవ అవతలి ఒడ్డున ఉంది. "తొందరగా రావయ్యా!" అని అరుస్తుండగానే బడిలో అన్నాల గంట కొట్టారు.

నేను వెళ్ళేసరికి వాడు అరుగు మీద కూర్చుని ముద్ద నోటిదాకా తెచ్చాడు. చేతి మీద ఒక్కటి కొట్టాను. ముద్ద నేలపాలైంది.

"తిన్నావా?"

"కొంచెం తిన్నానమ్మా. అదోలా ఉంది."

"మరి ఉమ్మెయ్యలేదేంరా?"

"నువ్వు పెట్టావు కదా!"

ఇంటికి తెచ్చాక వాంతులు చేసుకుని, సాయంత్రానికి తేరుకున్నాడు. రుచి తేడాగా ఉంటే అమ్మ పెట్టిందైనా ఉమ్మెయ్యమని ఆనాడే చెప్పాను. ఇప్పటికీ పండగనాడు సైతం మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, నావైపు అనుమానంగా చూస్తాడు. చూడనీ. నాకదే నిశ్చింత.